మీ తాత పేరేంది?

మార్కాపురంలో ఏ దుకాణంలోనైనా కందిపప్పు కొనడానికి జేబులో డబ్బులుంటే చాలు. ఉమామహేశ్వర్లు దుకాణంలో కొనాలంటే మాత్రం తాత పేరు కూడా తెలిసి ఉండాలి.

"అర కిలో కందిపప్పు, ఒక కొబ్బరికాయ" అంటారు మీరు. ఆయన కాటా వైపు చూడడు. మీ ముఖం వైపు చూస్తాడు. ముక్కు దగ్గర కాసేపు ఆగుతాడు. చెవుల మీదుగా ఒకసారి పోయి వస్తాడు.

"మీ తాత పేరేంది?"

"ఎందుకు?"

"చెప్పు నాయనా. పప్పు యాడికీ పోదు."

మీరు చెప్పడం ఆలస్యం, ఆయన బెల్లం డబ్బాల వెనకున్న చెక్క బీరువా తెరుస్తాడు. అందులో ఉండేవి వార్షిక నివేదికలు. డెబ్భై ఏళ్ల కిందట ఈ పక్క ఊళ్లలో పుట్టి, కొన్నాళ్లు వెలిగి, చాలావరకు మూతబడిపోయిన పఠన మందిరాలవీ, విద్యార్థి వసతి గృహాలవీ, పలకల వర్తకుల సంఘాలవీ. ఆ రోజుల్లో ప్రతి సంస్థా ఏడాదికొక సన్నపాటి పుస్తకం అచ్చు వేయించేది. ఆ ఏడు ఎవరు ఏమిచ్చారు, ఏ పోటీలో ఎవరు గెలిచారు, ఎవరు కాలం చేశారు, అన్నీ అందులో ఉండేవి. అచ్చువేసినవాళ్లు పోయారు, చదివినవాళ్లు పోయారు. పుస్తకాలు మాత్రం ఉమామహేశ్వర్లు బీరువాలోకి చేరాయి.

పేజీ తీసి, పుస్తకాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, మీ తాత పేరున్న వాక్యం ఒక్కటి గట్టిగా చదువుతాడు. మీరు చెయ్యి చాపితే వెనక్కి లాక్కుంటాడు.

"చూస్తా ఇయ్యి పెద్దాయనా."

"కన్నుతో చూడు, చేత్తో కాదు. కాగితం చినుగుతాది."

అలా అంటూ ఎడమ చేతి బొటనవేలు పేజీ మీద ఇంకాస్త గట్టిగా అదుముతాడు. కానుగ చెట్టు మీద కాకిని తోలొచ్చు గానీ ఆ వేలిని పేజీ మీద నుంచి తోలడం ఎవరి వల్లా కాదు. నూనె డబ్బాలో ముంచి తీసిన వేలు. ఊళ్లోవాళ్లు దాన్ని పిసినారితనం అనుకున్నారు. కాగితం మీద ఇంత పిసినారితనం ఉన్నవాడు పప్పు తూకంలో మాత్రం ఎప్పుడూ గుప్పెడు మొగ్గు ఎందుకు వేస్తాడో ఎవరికీ తోచలేదు.

ఆయన కోడలు వాసవికి ఈ జబ్బు సంగతి పెళ్లిచూపుల్లోనే తెలిసింది. గిద్దలూరులో వాళ్లింట్లో మంచం మీద కూర్చుని, కాఫీ చల్లారబెట్టుకుని, "అమ్మాయ్, మీ తాత పేరేంది?" అన్నాడు. ఫణికృష్ణ, అంటే పెళ్లికొడుకు, నేల చూశాడు. "చెన్నకేశవులు" అంది వాసవి. అంతే, సంచిలోంచి గిద్దలూరు పఠన మందిరం వారి పాత నివేదిక బయటికి వచ్చింది. "శ్రీ చెన్నకేశవులు గారు మందిరమునకు గోడగడియారము నొకదానిని బహూకరించిరి." బొటనవేలు కదల్లేదు. వాసవి మనసు మాత్రం కదిలింది. తాతని ఆమె ఫోటోలో తప్ప చూడలేదు. ఆయన ఊరికి గడియారం ఇచ్చిన మనిషి అని ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నయం, నీ పేరు తర్వాతైనా అడిగినాడు" అంది అత్తగారు రామతులసమ్మ, పెళ్లయిన కొత్తలో. "నన్ను చూడనీకి వచ్చినప్పుడు మా తాత పేరు, వాళ్ల నాయన పేరు అడిగి లేసిపోయినాడు. నా పేరు శుభలేఖ చూసి తెలుసుకున్నాడు."

ఆ గడియారం వాసవికి సంసారంలో బాగా పనికొచ్చింది. ఫణికృష్ణ ఆలస్యంగా ఇంటికి వస్తే, "గడియారమిచ్చిన ఇంటి నుంచి వచ్చినా నేను. నాకు టైము విలువ తెలుసు" అనేది. ఏడేళ్లుగా ఆ మాట వినగానే అతను కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు.

అసలు ఈ పిచ్చి పొట్లాల నుంచి మొదలైంది. ప్లాస్టిక్ కవర్లు రాకముందు దుకాణానికి పాత కాగితాలు మూటలకు మూటలు వచ్చేవి. చిన్నప్పుడు ఉమామహేశ్వర్లు పని పొట్లాలు కట్టడం. చదివిగానీ కట్టేవాడు కాదు. కొనడానికి వచ్చినవాళ్లు నిలబడి ఆవులించేవాళ్లు. ఒకరోజు ధనియాల పొట్లం కడుతుంటే కాగితంలో తన తాత పేరు కనబడింది. కొన్న ఆవిడ కొంగులో ధనియాలన్నీ బోర్లించి, కాగితం జేబులో పెట్టుకున్నాడు. వాళ్ల నాయన కొట్టిన దెబ్బ ఆయనకిప్పుడు గుర్తు లేదు, కాగితం మాత్రం బీరువాలో ఉంది.

ఇప్పటికీ బజార్లో మిరపకాయ బజ్జీలు కొంటే ముందు కాగితం చదువుతాడు, తర్వాత తింటాడు. ఒకసారి బస్టాండు దగ్గర బండి మీద బజ్జీల కింద పలకల వర్తకుల సంఘం నివేదికలో మొదటి పేజీ వచ్చింది. మిగతా పేజీల కోసం ఇంకో ప్లేటు, మరో ప్లేటు కొంటూ పోయాడు. పుస్తకం పూర్తిగా దొరికింది. ఆయన రెండు రోజులు మజ్జిగ మీద ఉన్నాడు.

హైదరాబాదు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. ఫోన్లో వంశవృక్షం గీసుకుని, తాత దగ్గర కొమ్మ తెగిపోయి, ఒంగోలు ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి ఎవరో చెబితే ఈ దుకాణం ముందు చెప్పులు విడిచేవాళ్లు.

"ఒంగోల్లో ఏముంటాడు మీ తాత? ఆయప్ప బతికినప్పుడు మనది కర్నూలు జిల్లా" అనేవాడు ఉమామహేశ్వర్లు. "అయినా ఆఫీసుల్లో ఏం దొరుకుతాది? ఎప్పుడు పుట్టినాడు, ఎప్పుడు పోయినాడు. నడుమ ఎట్లాంటి మనిషో రిపోర్టుల్లోనే ఉంటాది. ముందు వెనక పేజీ తిప్పు. వస్తురూపేణా వచ్చిన విరాళాలు. కుర్చీ ఇచ్చినాడా, లాంతరు ఇచ్చినాడా చూడు. తర్వాత బహుమతులు. ఆఖరున సంతాప తీర్మానాలు. ఇంటిపేరు, ఊరు రెండూ కలిస్తేనే మనోడు. ఒక్కటి కలిస్తే పరాయోడు."

"ముక్కు?" అనేవాడు ఫణికృష్ణ పక్క నుంచి.

"ముక్కు ఎట్లాగూ కలుస్తాది."

బడిపంతులు పాల్ రాజు ఒకరోజు బెల్లం కోసం వచ్చి, పోతుంటే పట్టుబడ్డాడు. ఆయన తాత యోహాను గారు పాఠశాల వార్షికోత్సవంలో "నెమ్మదిగా సైకిలు తొక్కు పోటీ"లో ప్రథమ బహుమతి పొందారు. పాల్ రాజు అంతకుముందు బైకు మీద వస్తే కోళ్లు గోడలెక్కేవి. ఆ రోజు నుంచి తాత పేరు నిలబెట్టాలని ఎంత నెమ్మదిగా నడుపుతున్నాడంటే, వెనక వచ్చే ఆటోవాళ్లు యోహాను గారిని తిట్టుకోని రోజు లేదు.

"అందరి తాతల గురించి చెప్తావు, మరి మీ తాత?" అని ఎవరైనా అడిగితే ఉమామహేశ్వర్లుకి మహా సంతోషం. ఆ ఒక్క కాగితం మీద మాత్రం వేలు ఉండదు. ఏకంగా మీ చేతికే ఇస్తాడు. పఠన మందిరం అధ్యక్ష పదవికి ఆయన తాత పోటీ చేస్తే ఒక ఓటు వచ్చిందని అందులో ఉంది.

"ఆ ఓటు ఎవురేసినారు?"

"ఇంకెవురు, ఆయనే. మా అవ్వ కూడా సభ్యురాలే. ఆమె అవతలాయనకేసింది."

నల్లమల అంచున, పెద్దారవీడు పైన గూడెం నుంచి మల్లేశ్వరమ్మ తేనె, కుంకుడుకాయలు, విస్తరాకులు తెచ్చి ఈ దుకాణంలో వేసేది. వచ్చినప్పుడల్లా అందరి తాతలూ బీరువాలోంచి దిగడం చూసేది. ఒకరోజు అడిగేసింది.

"మా తాత లేడా సామీ నీ బీరువాలో?"

"రిపోర్టుల్లో చందా ఇచ్చినోళ్లే ఉంటారు మల్లేశ్వరమ్మా."

"చందా ఈకపోతే మనిషి కాదా?"

ఉమామహేశ్వర్లు తూస్తున్న తేనె పక్కన పెట్టి బీరువా తెరిచాడు. ఆ వానాకాలమంతా పుస్తకాల్లో తల పెట్టి ఆయన పప్పు బదులు ఉప్పు తూచాడు. చివరికి ఒక పఠన మందిరం నివేదికలో దొరికింది. మల్లేశ్వరమ్మ రాగానే కూర్చోబెట్టి చదివాడు. "శ్రీశైల యాత్రకు బయలుదేరిన కార్యవర్గ సభ్యులు అడవిలో దారి తప్పగా, గూడెపు మనిషి యొకడు దారి చూపి పెద్దారవీడు చేర్చెను. అతని పేరు అడుగుట మరచితిమి."

"మా తాత కాశన్నే" అంది మల్లేశ్వరమ్మ వెంటనే. "దారి తప్పినోళ్లను ఆయప్పే తోలకొచ్చేటోడు."

ఇంటిపేరూ ఊరూ కలిస్తే తప్ప ఎవరినీ ఒప్పుకోని ఉమామహేశ్వర్లు చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి అంచున "కాశన్న" అని రాశాడు.

"నాయనా, సాక్ష్యమేంది?" అన్నాడు ఫణికృష్ణ.

"ముక్కు చూడరా" అన్నాడు ఆయన.

అప్పటి నుంచి ఇంకో చాదస్తం మొదలైంది. మల్లేశ్వరమ్మ ఎప్పుడొచ్చినా అన్నం తినకుండా పోనీయడు. "తినొచ్చినా సామీ" అంటే వినడు. లోపలికి పిలిచి, ఆకు వేయించి, తను ఎదురుగా నిలబడి పెట్టించేవాడు. ఆమె పూర్తిగా తిన్నాకే ఆయన తినేవాడు. "కొనేటోళ్లకి మంచినీళ్లు ఇయ్యనీకి చేతులు రావు ఈయనకి. ఆమె వస్తే మాత్రం పండగే" అనేది రామతులసమ్మ, అంటూనే పప్పులో ఇంకో గరిటె వేసేది.

ఇట్లాంటి మామగారితో వాసవికి ఏడేళ్లు నవ్వుకుంటూనే గడిచాయి. చెల్లెలు శ్రీదివ్య పెళ్లి మాట వచ్చినప్పుడు మాత్రం దిగులు పట్టుకుంది.

శ్రీదివ్య, కురిచేడు పిల్లాడు ఉదయ్ కిరణ్ కలిసి ఫార్మసీ చదివారు. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఇళ్లలో పెద్దవాళ్లూ సరేనన్నారు. కాదనగలిగింది ఒక్కరే, పిల్లాడి నాయనమ్మ శ్రీశైలమ్మ. అప్పటికే రెండు సంబంధాలు తిరగగొట్టింది. ఒక ఇంట్లో కాఫీ పలచగా ఉందట, ఇంకో ఇంట్లో మనుషులు పలచగా ఉన్నారట. ఆమె కొలత అంతా పోయిన భర్త కరుణాకరం గారితోనే. ఆయన నిష్ఠాపరుడు. పెళ్లైన నాటి నుంచి పోయేదాకా నెయ్యి ముట్టలేదు. కోమట్ల ఇంట పుట్టి, పప్పన్నంలో నెయ్యి వేసుకోని మగవాడిని ఈ మూడు తాలూకాల్లోనూ ఎవరూ చూడలేదు. అందుకని కురిచేడులో ఆయన్ని సగం రుషిలాగే చూసేవాళ్లు. శ్రీశైలమ్మ కూడా నెయ్యి మానేసింది. ఆ ఇంట్లో నలభై ఏళ్లు నేతి గిన్నె అన్నది లేదు.

గిద్దలూరుకీ కురిచేడుకీ రైలు దారిలో మార్కాపురం నడుమ ఉంది కాబట్టి, అందరూ వాసవి ఇంట్లోనే కలుసుకుందామని అనుకున్నారు. ముందు రోజు వాసవి దుకాణంలోకి వెళ్లి మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, రేపు ఒక్కరోజు బీరువా తీయొద్దు."

"తీయనులే. ఆ పిల్లోని తాత పేరేంది?"

"మామయ్యా."

"ఊరికే అడుగుతాండా."

"కరుణాకరం. ఇక్కడే శారదా వసతి గృహంలో ఉండి చదువుకున్నాడంట. పిల్లోని నాయనమ్మకి ఆయప్ప అంటే దేవుడు. ముక్కు చూసి మాట్లాడినావంటే నా చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది."

ఆయన బీరువా వైపు చూశాడు. కోడలి వైపు చూశాడు. ఆమె పోయాక తీసే ఉంటాడు. ఎందుకంటే సాయంత్రం అన్నానికి వచ్చినప్పుడు మనిషి మనిషిలా లేడు.

"ఉన్నాడా?" అంది వాసవి, ఉండబట్టలేక.

"ఉన్నాడు."

"ఏం రాసినారు?"

"రేపు నేను దుకాణం దాటి లోపలికి రాను. తల నొప్పని చెప్పు."

ఒక తాత దొరికి కూడా ఉమామహేశ్వర్లు చెప్పకుండా ఊరుకోవడం ఆ ఇంటి చరిత్రలో లేదు.

మరునాడు మనవడితో శ్రీశైలమ్మ దిగింది. తెల్లచీర, నుదుట విభూతి, చేతిలో సొంత మంచినీళ్ల సీసా. కాఫీ తాగి ఏమీ అనలేదు, అంటే బాగుందని. శ్రీదివ్యని పక్కన కూర్చోబెట్టుకుంది. అంతా సాఫీగా పోతోందని వాసవి ఊపిరి పీల్చుకునే లోపల ఆమె తల తిప్పింది.

"తాతల గురించి చెప్పేటాయనది ఇదే ఇల్లంట గదా. యాడుండాడు?"

"తల నొప్పమ్మా" అంది వాసవి.

"నాకు మోకాళ్లు నొప్పి. అయినా రైలెక్కి వచ్చినా గదా. పిలువు."

పిలవక తప్పలేదు. ఉమామహేశ్వర్లు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి మనిషి ముక్కు వైపు చూడకుండా పైనున్న ఫ్యాను వైపు చూశాడు.

"మా ఆయన మీ ఊరి హాస్టల్లో చదువుకున్నాడు నాయనా. ఆయన గురించి ఏం రాసినారో చదివి చెప్పు. వినిపోదామని వచ్చినా."

"ఆ ఏడు పుస్తకం ఎలకలు కొట్టినాయి పెద్దమ్మా."

ఫణికృష్ణ ఉలిక్కిపడి వాళ్ల నాయన వైపు చూశాడు. ఆ బీరువాలోకి ఎలుక దూరాలంటే అది కూడా తాత పేరు చెప్పాల్సిందే.

"ఎలకలు కొట్టినాయా, మా ఆయన పేరే లేదా?" శ్రీశైలమ్మ గొంతు మారింది. "ఊర్లో బెల్లం కొనేటోళ్ల తాతలందరూ ఉన్నారంట. మా ఆయన ఒక్కడే లేకపోయినాడా? సరేలే. ఉదయ్, మన బండి ఎన్నింటికి రా?"

ఆమె సంచి చేతిలోకి తీసుకుంది. వంటింట్లో ఆకులు కడుగుతున్న రామతులసమ్మ చేతులు ఆగిపోయాయి. తినకుండా పోయారంటే సంబంధం వద్దన్నట్టే. శ్రీదివ్య కళ్లు నేల మీదికి దిగాయి. వాసవికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నిన్న తీయొద్దని తనే బతిమాలింది. ఈరోజు తీయమని తనే బతిమాలాలి.

"మామయ్యా, వెతికి చూడు. ఎలకలు వదిలింది ఏమైనా ఉంటాది" అంది.

ఆయన కోడలి ముఖం చూశాడు. వెళ్లి పుస్తకం తెచ్చాడు. రెండు చేతుల్తో పట్టుకుని, బొటనవేలు అదిమి, గొంతు సవరించుకుని చదివాడు. "వక్తృత్వ పోటీలో విద్యార్థి కరుణాకరము ప్రథమ బహుమతి పొందెను. అతని వాగ్ధాటిని అధ్యక్షులు మెచ్చుకొనిరి."

శ్రీశైలమ్మ ముఖం విప్పారింది. "అట్ల చెప్పు. మాట్లాడినాడంటే మిల్లు ఆగినా ఆయన ఆగడు. ఏదీ, పేరు చూస్తా ఇట్ల ఇయ్యి."

"కాగితం చినుగుతాది పెద్దమ్మా."

"నేనేం అప్పడం విరుస్తానా. ఇయ్యి."

"కన్నుతో..."

"వేలు తియ్యి నాయనా."

ఆయన తీయలేదు. ఆమె లేచి వచ్చింది. మన్ను పట్టుకున్న చంటిపిల్లాడి పిడికిలి విప్పినట్టు, ఆ వేలిని మెల్లగా పైకి లేపింది. ఏడేళ్లలో వాసవి ఆ వేలు లేవడం చూడలేదు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. శ్రీశైలమ్మ కళ్లద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"పై విద్యార్థియే వంటశాలలోని నేతి జాడీని ఖాళీ చేయుచుండగా వంటవాడు పట్టుకొనెను. జాడీని మెడకు కట్టి భోజనశాల చుట్టును త్రిప్పడమైనది. ఇకముందు నెయ్యి ముట్టనని అతడు అందరి యెదుట ప్రమాణము చేసెను."

ఉదయ్ కిరణ్ గోడ వైపు తిరిగాడు, భుజాలు కదులుతున్నాయి. శ్రీశైలమ్మ ఆ వాక్యాన్ని మళ్లీ చదువుకుంది, ఈసారి లోపల.

"పెద్దమ్మా" అన్నాడు ఉమామహేశ్వర్లు, గొంతు తగ్గించి. "నెయ్యి తాగింది ఒక్కపూట. మాట నిలబెట్టుకున్నది చచ్చేదాకా. ఇన్ని రిపోర్టులు చదివినా గానీ, ఒట్టు వేసి అంతకాలం తప్పనోణ్ని నేను ఇంకొకణ్ని చూడలేదు. అంతే నేను చెప్పేది."

శ్రీశైలమ్మ కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని వాసవి నీళ్లు తెచ్చింది. ఆమె నవ్వుతోంది.

"నిష్ఠ అనుకుంటిని" అంది, ఊపిరి అందాక. "మొగుడు తినంది నాకెందుకని నలభై ఏండ్లు ఉత్త పప్పన్నం తింటిని. పండక్కి కూడా ఇంట్లో నెయ్యి కాచనీయలేదు. వాసనొస్తే వీధిలోకి పోయి కూర్చునేవాడు. పాపం, ఎంత ఆశ పుట్టేదో." కళ్లు తుడుచుకుని వంటింటి వైపు తిరిగింది. "అమ్మా రామతులసమ్మా, ఇంట్లో నెయ్యి ఉందా?"

ఉంది. ఆ పూట శ్రీశైలమ్మ పప్పన్నంలో నెయ్యి వేయించుకుంది, పులుసన్నంలో వేయించుకుంది, ఆఖరికి పెరుగన్నం దాకా వచ్చాక రామతులసమ్మే ఆపింది. చెయ్యి కడుక్కుంటూ, "ముహూర్తం శ్రావణంలో పెట్టించండి. మనుషుల గుట్టు దాచే ఇల్లు, పిల్ల సుఖపడుతుంది" అంది.

వాళ్లు బండెక్కాక వాసవి దుకాణంలోకి వచ్చింది.

"మామయ్యా, ఆ వేలు..."

"ఏ వేలు?" అన్నాడు ఆయన. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు కంభం బస్సెక్కి వెళ్లిపోయాడు. అక్కడ ఎవరింట్లోనో పాత సంఘం నివేదికలు అటక మీద ఉన్నాయట.

బీరువా తాళం కాటా పక్కనే ఉంది. వాసవి తెరిచింది. పుస్తకం తర్వాత పుస్తకం తిప్పుతుంటే సంగతి మెల్లగా అర్థమైంది. ఏ పేజీలో ఎవరి తాత ఉన్నా, ఆ పేరు కింది వరసలో బొటనవేలంత నూనె మరక ఉంది. అప్పట్లో ఇవి రాసిన కార్యదర్శులు మొహమాటం లేని మనుషులు. ఒక వాక్యంలో మెచ్చుకుని, రెండో వాక్యంలో కడిగేసేవాళ్లు. మామగారు ఇన్నేళ్లుగా చేసిందల్లా మొదటి వాక్యం చదివి, రెండోదాని మీద వేలు పెట్టడమే.

పాల్ రాజు తాత గెలిచిన నెమ్మది సైకిలు పోటీ కనబడింది. మరక కింద, "ఈ పోటీలో పాల్గొన్నవారు వీరొక్కరే" అని ఉంది. వాసవి కొట్లో ఒక్కతే నిలబడి పగలబడి నవ్వింది.

తర్వాత కాశన్న పేజీ దొరికింది. అంచున పెన్సిల్ రాత, దాని కింద అన్నిటికన్నా నల్లబడ్డ మరక. దారి చూపి పెద్దారవీడు చేర్చెను, పేరు అడుగుట మరచితిమి. ఆ కింద, "అప్పటికి ప్రొద్దెక్కినందున సభ్యులందరు భోజనమునకు కూర్చుండిరి. ఆ మనిషిని పిలుచుట యెవరికిని తోచలేదు."

వాసవికి నవ్వు ఆగిపోయింది. ఇక్కడ వేలు దాచింది మల్లేశ్వరమ్మ తాత తప్పుని కాదు, మన వాళ్ల తప్పుని. ఎప్పుడొచ్చినా ఆకు వేయించి, ఎదురుగా నిలబడి, ఆమె తిన్నాకే తాను తినే ఆ చాదస్తం ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆయన వెనక నవ్వినందుకు వాసవికి సిగ్గేసింది. మామగారి మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. వెళ్లి ఆయన తువ్వాలు ఉతికి ఆరేసింది, ఆ క్షణాన ఇంకేం చేయాలో తోచక.

తిరిగి వచ్చి బీరువా మూయబోతుంటే గిద్దలూరు పఠన మందిరం పుస్తకం చేతికి తగిలింది. తీయకుండా ఉండాల్సింది. తీసింది. "శ్రీ చెన్నకేశవులు గారు మందిరమునకు గోడగడియారము నొకదానిని బహూకరించిరి." మరక కింది అక్షరాలు నూనెకి ఇంకా స్పష్టంగా తేలాయి. "సదరు గడియారము తగిలించిన నాటి నుండి నడచి యెరుగదు. బాగు చేయింపుమని కోరగా దాతగారు అలిగి సభ్యత్వమునకు రాజీనామా యిచ్చిరి."

ఆమె ఆ పుస్తకాన్ని అట్టడుగున పెట్టి తాళం వేసింది.

శ్రావణంలో పెళ్లయింది. కొత్త దంపతులు మార్కాపురం వచ్చినప్పుడు ఉమామహేశ్వర్లు కాటా దగ్గర ఉన్నాడు, కొట్టు నిండా జనం. శ్రీదివ్య నేరుగా బీరువా దగ్గరికి నడిచింది.

"అక్కా, మన తాత గడియారం కాగితం ఈయనకి చూపియ్యి. వాళ్ల తాత నెయ్యి గురించి నేనేమైనా అంటే, మీ తాత సంగతేందని అడుగుతాండాడు."

"నేను కూడా ఎప్పుడూ సరిగ్గా చూడలేదు" అంటూ ఫణికృష్ణ ఈగ వాలినట్టు పక్కన వచ్చి నిలబడ్డాడు.

వాసవి అట్టడుగు నుంచి పుస్తకం తీసింది. పేజీ తెరిచింది. రెండు చేతుల్తో పట్టుకుని మొదటి వాక్యం గట్టిగా చదివింది. శ్రీదివ్య ముఖం వెలిగిపోయింది. ఉదయ్ కిరణ్ ముందుకు వంగాడు.

"ఏదీ, ఇట్ల ఇయ్యి వదినా."

"కన్నుతో చూడు నాయనా, చేత్తో కాదు" అంది వాసవి. ఆమె బొటనవేలు పేజీ మీద కుదురుగా కూర్చుంది, పాత మరక మీద సరిగ్గా సరిపోయింది. "కాగితం చినుగుతాది."

ఉమామహేశ్వర్లు తల తిప్పి ఆ వేలి వైపు చూశాడు. తర్వాత కోడలి ముఖం వైపు చూశాడు. చేతికి అందేంత దూరంలో ఉన్న నూనె డబ్బాని ఆమె వైపు కాస్త జరిపి, కాటా ముందు నిలబడ్డ కొత్త మనిషి వైపు తిరిగాడు.

"పప్పు యాడికీ పోదు నాయనా. మీ తాత పేరేంది?"